మొగలి పొద దగ్గర వంగిన గొలుసు

అరసవల్లిలో మా వీధి చివర ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారు. మొన్న ఉదయం స్థలం కొలవడానికి ఒక సర్వేయరు వచ్చాడు. చేతిలో పొడుగాటి కర్ర, కర్ర కొసన పుట్టగొడుగులాంటి యంత్రం. దాన్ని నాలుగు మూలలా నాలుగుసార్లు నిలబెట్టి, ఫోనులాంటి దాంట్లో చూసుకుని, "అయిపోయింది సార్" అన్నాడు. నేను కాఫీ గ్లాసు కడిగి బోర్లించే లోపల పని పూర్తయింది.

"గొలుసు తేలేదా?" అని అడిగాను.

"ఏ గొలుసు సార్?"

అతని తప్పేం లేదు. అతను బళ్ళో చేరేనాటికే సర్వే గొలుసులు తుప్పు పట్టి ఆఫీసు మూలలకి చేరాయి. నాకు మాత్రం ఆ గొలుసు మోసిన ఒక మనిషి గుర్తొచ్చాడు. సర్వేయరు కాదు. సర్వేయరు వెంట గొలుసు పట్టుకుని పొలాల్లో నడిచే చైన్‌మన్. పేరు రాయను. రాయొద్దని ఆయనే అన్నాడు.

"రాస్తే రాసుకో బాబూ. పేరు మాత్రం ఎయ్యకు. పేరేస్తే నాను మంచోడినైపోతాను. అది అబద్దమైపోతాది."

నేను శ్రీకాకుళంలో విలేకరిగా ఉన్న రోజుల్లో భూముల తగాదాల వార్తల కోసం సర్వే ఆఫీసుకి వెళ్తుండేవాణ్ణి. ఆఫీసు మెట్ల మీద ఆయన కనిపించేవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి ఉండేవి. భుజం మీద గొలుసు కట్ట. పల్లెల్లో మనిషి కనిపించకముందే ఆ గొలుసు చప్పుడు వినిపించేదట. "నన్ను సూసి కుక్కలు మొరగవు బాబూ, రైతులు మొరుగుతారు" అనేవాడు. కొలవడానికి వచ్చాడంటే ఎవరి గట్టో జరుగుతుందని వాళ్ళకి భయం.

వదులుగా ఉన్నదేదీ ఆయనకి గిట్టదు. మా ఇంటికి వస్తే దొడ్లో బట్టల తీగ బిగించాక గానీ కూర్చునేవాడు కాదు. టీ కొట్టు దగ్గర నులక మంచం జారిపోయి ఉంటే, టీ చెప్పి, అది వచ్చేలోగా రెండు వరసలు బిగించేసేవాడు. కొట్టువాడు తిట్టేవాడు. "నువ్వు బిగిస్తే ఇక్కడే పడుకుంటారు సామీ, బేరాలు పోతన్నాయి." నా స్కూటరు బ్రేకు తీగ ఆయన చేతిలో ఎన్నిసార్లు బిగిసిందో లెక్కలేదు. ఒకసారి అది మరీ బిగిసి చక్రమే తిరగలేదు. ఆ సంగతి గుర్తు చేస్తే, "తిరక్కపోతే నడిసి ఎల్తావు. వదులైతే ఎక్కడికెల్తావో నీకే తెలీదు" అన్నాడు.

మనుషులనీ అదే మాటతో తూచేవాడు. మాట తప్పేవాడు వదులు మనిషి. పల్చటి సాంబారు వదులు సాంబారు. వాళ్ళ పాస్టరుగారి ప్రసంగాన్ని కూడా వదిలేవాడు కాదు. "ఈ వారం మొదలు బాగున్నాది, సివర బాగున్నాది. మద్దిలో వంగిపోనాది బాబూ."

ఆయనది క్రైస్తవ కుటుంబం. శ్రీకాకుళం నుంచి సముద్రం వైపు వెళ్తే ఒక ఊరు, ఆ ఊరికి కాస్త ఎడంగా పేట, పేట మొదట్లో వాళ్ళ చిన్న గుడి. టీ తాగే ముందు కూడా కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవాడు. టీ మీద మీగడ కట్టేసేది. అంత సేపు ఏం అడుగుతావని ఒకసారి అడిగాను.

"ఏటీ అడగను. నాను తాగింది ఇంకోడి నోటికాడది అవ్వకుండా సూడమంటాను. టీకి కొంచెమే పడతాది. బోజనానికి ఇంకొంచెం ఎక్కువ."

పరలోకం గురించి ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు. దేవుడి మాట వస్తే హద్దు రాళ్ళ దగ్గరికే వచ్చేవాడు. పాతకాలపు ప్రవక్తలంటే ఆయనకి మహా ఇష్టం. వాళ్ళంతా తన డిపార్ట్‌మెంటు వాళ్ళేనని నమ్మకం. "ఒకాయనకి దేవుడు గోడ కాడ తూకం గుండు పట్టుకుని కనిపించినాడు బాబూ. కిరీటం పెట్టుకుని కాదు, మేస్త్రీలాగ! గోడ వంకరుందో నేదో సూడ్డానికి వొచ్చినాడు. మనం లోపల పాటలు పాడతన్నాము. ఆయన బయట గుండు ఏలాడేసి సూస్తన్నాడు. పాట ఇంటాడు, ఇనడని కాదు. ముందు గోడ సూసి, అప్పుడు ఇంటాడు."

ఇది చెప్పేటప్పుడు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కనిపించని దారం పట్టుకుని, ఒక కన్ను మూసి చూసేవాడు. నేను నవ్వేవాణ్ణి. ఆయన నవ్వేవాడు కాదు.

తర్వాత ఆయన రిటైరై ఊరికి వెళ్ళిపోయాడు. నేనూ రిటైరయ్యాను. ఏడాదికో రెండుసార్లో కలిసేవాళ్ళం. ఆఫీసులో పనికిరాదని పక్కన పడేసిన గొలుసొకటి అడిగి తెచ్చుకుని ఇంట్లో మేకుకి వేలాడదీసుకున్నాడని మాత్రం తెలుసు.

ఒక వేసవిలో వాళ్ళ పాస్టరు నాకు ఫోను చేశాడు. వయసులో చిన్నవాడు, మాట మెత్తన.

"మీ స్నేహితుడు గుడిలోకి రావడం మానేశారండి. గోడ అవతల, చేను గట్టు మీద కూర్చుంటున్నారు. ఆరు ఆదివారాలయింది. మీరు చెబితే వింటారేమోనని."

ఎందుకని అడిగితే జరిగింది చెప్పాడు.

ఊరికి రీసర్వే వచ్చింది. పాత రాళ్ళు తీసేసి కొత్త రాళ్ళు పాతుతారు. గుడికి పడమట ఒక రైతు కుటుంబం చోడి చేను, అంటే రాగి చేను, ఉంది. ఇప్పుడు ఆ చేను చూసుకునేది ఆ ఇంటి కోడలు, భర్త పోయిన మనిషి. గుడి గోడే హద్దని గుడి పెద్దలు సంతకం పెట్టారు, ఆమె వేలిముద్ర వేసింది. యంత్రం వచ్చి గోడ వెంట కొలుచుకుని వెళ్ళింది. ఎవరికీ ఏ తగాదా లేదు.

ఆ కొలత తర్వాతి ఆదివారం, పాటలయ్యాక సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు తమకి చేసిన మేలు గురించి ఎవరైనా లేచి చెప్పే వేళ అది. ఒకామె మనవరాలికి జ్వరం తగ్గిందని చెప్పింది. ఒకాయన తప్పిపోయిన గేదె దొరికిందని చెప్పాడు. అప్పుడు ఈయన వెనక వరసలోంచి లేచాడు.

"మన గుడి పడమటి గోడ మనది కాదు" అన్నాడు.

అలవాటు మీద ఎవరో "ఆమెన్" అన్నారు.

ముప్పై ఏళ్ళ కిందట గుడికి స్థలం కొలిచినప్పుడు గొలుసు పట్టింది తనేనని చెప్పాడు. రోడ్డు దగ్గర మొదలుపెట్టి చేను పొడవునా కొలుచుకుంటూ వచ్చారు. గొలుసు ఆగిన చోట చేను అయిపోయినట్టు, గుడి స్థలం మొదలైనట్టు. మధ్యలో మొగలి పొద అడ్డం వచ్చింది. పొద కొట్టి తిన్నగా పోవాల్సింది, గొలుసు దాని చుట్టూ తిప్పాడు. వంగిన గొలుసు కొలత ఎక్కువ చూపిస్తుంది, నేల తక్కువ వస్తుంది. చేను మూడు మూరలు కురచయింది. ఆ మూడు మూరల మీద గోడ లేచింది.

"కొత్త రాళ్ళు పాతేలోగా ఇచ్చియ్యాల" అన్నాడట.

పెద్దలు ఒప్పుకోలేదు. వాళ్ళ కోపంలోనూ న్యాయం లేకపోలేదు. వాళ్ళలో గట్టిగా మాట్లాడిన పెద్ద ఒకాయన, ఈయన వయసువాడే, లేచి, "ఆ ఇంటోళ్ళు మన తాతల కాడ్నుంచి మనకి సేసిందేటో నీకు తెలీదా? ఆళ్ళ కళ్ళంలో మనోళ్ళు సెప్పులేసుకుని నడిసినారా? మూడు మూరలకి లెక్క సెప్తన్నావా? ఇది దేవుడి జాగా. దేవుడి జాగా ఎనక్కిస్తావా?" అన్నాడు.

"దేవుడిదైతే గదా ఎనక్కివ్వడానికి" అన్నాడు ఈయన. "ఆళ్ళు సేసిందానికి ఆళ్ళు సెప్పుకుంటారు. గొలుసు ఉన్నాది నా సేతిలో."

సరే, ఆమె దగ్గరికే వెళ్ళాడు. ఆమె ఇంకా ఘనురాలు. ఆ ఇంటి అలవాటు ప్రకారం, తనకన్నా పెద్దవాడైనా, "ఒరే" అనే పిలిచింది.

"ఒరే, నీకేటి మతి పోనాదా? మూడు మూరల్లో నాకేటి పండుతాది? దేవుడి కాడ జాగా లాక్కుంటే నా ఇంట్లో దీపం ఉంటాదా? ఏ దేవుడైతే ఏటి? ఎల్లు ఎల్లు."

ఇచ్చేవాళ్ళు ఇవ్వరు. పుచ్చుకునే మనిషి పుచ్చుకోదు. ఆ తర్వాతి ఆదివారం నుంచి ఆయన గోడ అవతల కూర్చోవడం మొదలుపెట్టాడు. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికీ రాలేదు. బాకీ ఉన్న మనిషితో ముందు సమాధానపడి ఆ తర్వాత రమ్మని యేసే చెప్పాడు గదా అన్నాడు.

మర్నాడు ఆదివారం నేను వెళ్ళాను. తొమ్మిదింటికే ఎండ చురుక్కుమంటోంది. చేను దున్ని వదిలేశారు. గట్టు మీద ప్లాస్టిక్ స్టూలు, స్టూలు మీద ఆయన. తెల్ల చొక్కా, మడత నలగని పంచె, ఒళ్ళో నల్ల అట్ట పుస్తకం. గొడుగుని గోడ పక్క కర్రకి బిగించి కట్టాడు. లోపలి మైకు ఇక్కడికి బాగానే వినిపిస్తోంది. ఆయన కూడా పాడుతున్నాడు, గొంతు కలిపి, ఒక అర క్షణం వెనకగా.

గోడ మీద ఈ వైపు నీలం అక్షరాలతో ఒక వాక్యం రాసి ఉంది. దేవుడు మనిషి నుంచి కోరేది న్యాయమేనని.

"సూసినావా బాబూ, ఆ వాక్యం కూడా మూడు మూరలు ఇటే జరిగున్నాది."

నేను తెచ్చుకున్న మాటలన్నీ చెప్పాను. ఆరోగ్యం, వయసు, ఎండ. పొరపాటు ఎవరికైనా జరుగుతుందన్నాను. యంత్రమే గోడని ఒప్పుకుంది గదా అన్నాను.

"మిషను అబద్దం సెప్పదు. ఎక్కడ నిలబెడితే అక్కడిదే సెప్తాది. నాను పాతించిన రాయి కాడే దాన్ని నిలబెట్టినారు." గొడుగు ముడి మళ్ళీ బిగించాడు. "పొరపాటయితే ఇంత బాదుండదు బాబూ. లోపల నాను అందరికీ సెప్పింది సగమే. మొగలి ముల్లు ఒక సాకు."

అప్పుడు మిగతా సగం చెప్పాడు. ఆ కొలత రోజు పొద్దున్న ఆ రైతు ఇంటికి దాహానికి వెళ్ళాడు. సర్వేయరుకి గ్లాసుతో మజ్జిగ ఇచ్చారు. ఈయన్ని వాకిలి బయట నిలబెట్టి, దోసిలి పట్టమని, ఎత్తు నుంచి నీళ్ళు పోశారు. సగం మోచేతుల వెంట కారిపోయాయి. సర్కారు నౌకరీలో చేరాక కూడా ఇదేనా అనుకున్నాడు. ఆ తడి చేతులతోనే గొలుసు పట్టాడు.

"పొద వొచ్చింది. కత్తి నా నడుముకే ఉన్నాది. సర్వేరు నీడకి కూకున్నాడు, సూడ్డం నేదు. గొలుసు వంగింది. నాకు తెలిసింది. తెలిసి ఊరుకున్నాను. ఆళ్ళ మూడు మూరలు మన గుడికి వొస్తాయనుకున్నాను. నీళ్ళకి నేల." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "నాకు జరిగింది అన్నేయమే బాబూ. దేవుడు దాన్ని సూసుంటాడు. ఆ పక్కనే నా గొలుసునీ సూసుంటాడు. ఒకటి సూసి ఒకటి సూడకుండా ఉంటాడేటి?"

మా వెనక చెంబు చప్పుడయింది. ఆ చేను ఆమె నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో మాకు తెలియదు. చేతిలో చోడి అంబలి చెంబు, మీద బోర్లించిన గ్లాసు. మొదటి రెండు వారాలూ ఆమె "నా సేలోంచి లెగు" అని గొడవ చేసిందనీ, "సేలో కాదమ్మా, గట్టు మీదున్నాను" అని ఈయన అన్నాడనీ, మూడో వారం నుంచి తిట్టుకుంటూనే అంబలి తెస్తోందనీ పాస్టరు నాకు చెప్పాడు.

ఆమె గ్లాసులో అంబలి వంపి ఆయన చేతికిచ్చింది.

"ఆ నీళ్ళు పోసింది నానే కాదేటి" అంది.

ఆయన తలెత్తలేదు. "మీ మావ సెప్తే పోసినావు తల్లీ. కొత్త కోడలివి."

"సెప్పినాడు. పోసింది నా సెయ్యే గదా." కుడి చెయ్యి ముందుకి చాపి చూపించింది. "ఇన్నాళ్ళు కడుపులో పెట్టుకున్నావా ముసలోడా? ఒక్కసారి అడిగినావు కాదు."

చెంబు గట్టు మీద పెట్టి, కొంగు నడుముకి దోపుకుని, గోడ వెంట నడిచింది. ఎటు పోతోందో నాకు వెంటనే అర్థం కాలేదు. గుడి గేటు తిరిగేసరికి లేచి వెనకే వెళ్ళాను. ఆయన మాత్రం గ్లాసు పట్టుకుని అక్కడే కూర్చున్నాడు.

గుమ్మంలో చెప్పులు విడిచింది. లోపల సాక్ష్యాలు నడుస్తున్నాయి. ఆ ఇంటి మనిషి ఆ గుడిలో అడుగు పెట్టడం ఎవరూ ఎరగరు. మైకు దగ్గరున్నావిడ తన మాట మధ్యలోనే పక్కకి తప్పుకుంది. ఈమె మైకు దగ్గరికి పోలేదు. ఉన్నచోటి నుంచే అంది.

"నాను సాచ్చికం సెప్పడానికి రానేదు. నా మూడు మూరల నేల నాకు గావాల."

ఆ పెద్దాయన లేచాడు. "నువ్వే వొద్దన్నావు గదా తల్లీ?"

"అప్పుడు వొద్దన్నాను. ఇప్పుడు గావాలంటన్నాను. నా నేల నా ఇట్టం. ఆ ముసలోడు ఎండకి నా గట్టు మీద పడిపోతే ఆ పాపం నాకొద్దు, మీకూ వొద్దు. గోడ తీసెయ్యండి, ఆడిని లోపల కూకోబెట్టుకోండి."

"మూడు మూరల కోసం ఇంత దూరం వొచ్చినావా?"

"దూరమేటి బాబూ? మా గట్టు కాడ్నుంచి నలభై అడుగులు నేదు." ఆమె గుడి లోపలంతా ఒకసారి చూసింది, మొదటిసారి చూస్తున్నట్టు. నిజంగా మొదటిసారే. "మాకే రావడానికి ఇన్నేళ్ళు పట్టింది."

పెద్దాయన కూర్చున్నాడు. పాస్టరు పుస్తకం మూసేశాడు. ఆ రోజు ప్రసంగం లేదు.

గోడ తీయడానికి ముందు మళ్ళీ కొలవాలని ఈయన పట్టుబట్టాడు. యంత్రం కాదు, గొలుసుతోనే. మేకుకున్న గొలుసు దించి, కొబ్బరి నూనె గుడ్డతో తుడిచి తెచ్చాడు. లాగే మనిషి కావాలంటే నేను పట్టుకున్నాను. మొగలి పొద ఎప్పుడో పోయింది. రోడ్డు నుంచి గుడి దాకా నేల తిన్నగా ఉంది. గొలుసు నేను అనుకున్నంత తేలిక కాదు. సగం దూరంలోనే నా చెయ్యి దిగింది.

"బిగువుగా లాగు బాబూ" అని అటు నుంచి అరిచాడు. "ఈ పక్క ఎవురున్నారో సూడకు. గొలుసే సూడు."

తేడా మూడు మూరల మీద ఒక జాన వచ్చింది. ఆయన మొహం వెలిగిపోయింది. "సూడు, ఇన్నాళ్ళూ జాన తక్కువ సెప్పుకున్నాను."

"ఆ జాన ఉంచుకోండి" అంది ఆమె. పెద్దలు వద్దన్నారు. ఆ జాన మీద కాసేపు రెండు వైపులా తగాదా నడిచింది. అంత మర్యాదైన భూ తగాదా నా ఉద్యోగం మొత్తంలో నేను చూడలేదు. ఇటుకలు మోసిన వాళ్ళలో ఆ గట్టిగా మాట్లాడిన పెద్దాయనే ముందున్నాడు. రాళ్ళు పాతేలోగా గోడ జరిగింది. ఆ తర్వాతి ఆదివారం ఈయన లోపలికి వెళ్ళి, తన వెనక వరసలో కూర్చుని, ముందు ఆ బెంచీ కాలు మేకు బిగించుకున్నాడట.

నిరుడు వానాకాలంలో పోయాడు. నేను వెళ్ళేసరికి గుడి నిండా మనుషులు. వాక్యం చదివారు, పాడారు, పెట్టె మోసుకుని సమాధుల దగ్గరికి నడిచారు. ఆ రైతు ఇంటామె అందరి వెనక, తడిసిన కొంగు తల మీద వేసుకుని వచ్చింది. కొత్త హద్దు గోడ అవతల ఆ మూడు మూరల్లో ఆమె కంది వేసింది. వానకి ఏపుగా లేచింది.

పెట్టె దించడానికి కింద నుంచి రెండు తాళ్ళు వేసి నలుగురు పట్టుకున్నారు. నేల బురదగా ఉంది. ఒక మూల పట్టుకున్నవాడి కాలు జారి, అటువైపు తాడు వదులైంది. పెట్టె ఒక పక్కకి వాలింది. అందరూ ఒక్కసారి అయ్యో అన్నారు.

వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"బిగువుగా పట్టండర్రా! మా మావకి వదులు గిట్టదు."

నలుగురూ కాళ్ళు తన్నిపెట్టి లాగారు. తాళ్ళు నిటారుగా బిగిశాయి. పెట్టె సమంగా, ఏ పక్కకీ వంగకుండా దిగింది.